చక్రాలు ఆగాక కనిపించే పనితనం

న్యూయార్క్ చూడ్డానికి వెళ్లే మనవాళ్లు కోనీ ఐలండ్‌కి వెళితే జూన్, జులైల్లోనే వెళతారు. న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని శనాదివారాల్లో కారెక్కించి తీసుకెళ్లేదీ అప్పుడే. నన్నడిగితే ఆ తీరాన్ని ఒక్కసారైనా జనవరిలో చూడాలి. వేసవిలో అక్కడ ఎటు చూసినా జనం, ఎటు విన్నా కేకలు. రాట్నాలు ఆగి, కొట్ల షట్టర్లు దిగి, ఇసుక ఖాళీ అయ్యాక, అన్నాళ్లూ జనం వెనక మరుగున పడ్డ ఇనుప పనీ చెక్క పనీ బయటపడతాయి. వీటిని ఎలా కట్టారు, ఉప్పుగాలిలో వందేళ్లుగా ఎలా నిలబెట్టుకొస్తున్నారు అని అడిగేవాళ్లకి చలికాలంలోనే జవాబు దొరుకుతుంది.

మన దగ్గర లెక్క వేరు. హైదరాబాద్ నాంపల్లిలో నుమాయిష్ మొదలయ్యేదే జనవరిలో. అక్కడ జెయింట్ వీల్ ఎక్కేటప్పుడు స్వెట్టర్ వేసుకుంటాం. బ్రూక్లిన్ దక్షిణపు కొసన, అట్లాంటిక్‌కి ఎదురుగా ఉన్న ఈ పేటలో మాత్రం ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం నాడు సీజన్ మొదలవుతుంది. అక్టోబర్ దాటేసరికి ముగిసిపోతుంది. మిగిలిన నెలలు వడ్రంగివి, ఫిట్టరువి, తుప్పు గీకి రంగు వేసేవాళ్లవి.

ముందు వండర్ వీల్ దగ్గరికి వెళ్లాలి. ఎత్తు 150 అడుగులు, పెట్టెలు 24, ఒక్కో దాంట్లో ఆరుగురు. ఛార్లెస్ హెర్మన్ దీన్ని ఊహించి రూపం గీస్తే, ఎక్సెంట్రిక్ ఫెర్రిస్ వీల్ అమ్యూజ్‌మెంట్ కంపెనీ 1918 నుంచి 1920 దాకా ఆ స్థలంలోనే నిలబెట్టింది. 1920లో మెమోరియల్ డే నాడు జనాన్ని ఎక్కించారు. దూరం నుంచి మామూలు జెయింట్ వీలే అనిపిస్తుంది. దగ్గరికొస్తే తేడా తెలుస్తుంది. 24 పెట్టెల్లో ఎనిమిదే అంచుకి వేలాడతాయి. మిగతా పదహారూ చక్రం లోపల, అంచుకీ ఇరుసుకీ మధ్య వంకర తిరిగిన పట్టాల మీద ఉంటాయి. చక్రం తిరిగేకొద్దీ పట్టా వాలు మారుతుంది. వాలు ఇటు ఒరగ్గానే పెట్టె తన బరువుతో తనే ఇరుసు వైపు నుంచి అంచుకి జారుతుంది; కాసేపటికి వాలు అటు తిరిగితే మళ్లీ లోపలికి జారుతుంది. జారిన ఊపుకి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. లోపల కూర్చున్నవాడికి పెట్టె తెగి సముద్రంలో పడుతోందన్నంత భయం. బయట నిలబడి చూసేవాడికి మాత్రం ఇంత తేలికైన ఉపాయమా అన్న ఆశ్చర్యం.

ఆ జారుడుకి వేరే మోటారు లేదు. చక్రాన్ని మెల్లగా తిప్పడానికి శక్తి కావాలి, అంతే. మిగతా పని భూమ్యాకర్షణ చూసుకుంటుంది. హెర్మన్ గొప్పదనమంతా పట్టా వంపులో ఉంది. ఆ వంపు చాలకపోతే పెట్టె కదలక మొరాయిస్తుంది. మరీ ఎక్కువైతే కొసకి వెళ్లి ఢీకొంటుంది. ఈ రెంటికీ మధ్య, మనిషి గుండె ఒక్కసారి గతుక్కుమని మళ్లీ కుదుటపడేంత జారుడు కుదిరేలా వంపు పెట్టాడు. కాగితం మీద ఈ వంపు గీయడం ఒక ఎత్తు. దాన్ని ఉక్కులో, ఒకటి రెండు చోట్ల కాదు, పదహారు పెట్టెలకీ ఒకే తీరున దింపడం ఇంకో ఎత్తు. కట్టినవాళ్ల చేతిపని అక్కడుంది.

చలికాలంలో ఆ పెట్టెల్ని దింపేస్తారు. ఏటా దింపి, బాగుచేసి, రంగు వేసి, వసంతంలో మళ్లీ ఎక్కిస్తారు. అందుకే జనవరిలో వెళితే పెట్టెలు లేని చక్రం కనిపిస్తుంది. వేసవిలో ఎరుపు, నీలం, తెలుపు పెట్టెలు కళ్లని లాగేసుకుంటాయి కాబట్టి వాటి వెనక ఉన్న అల్లిక ఎవరూ చూడరు. ఇప్పుడు ఇరుసు నుంచి అంచుదాకా ప్రతి ఊచా, ప్రతి అడ్డదూలమూ, వంకర పట్టాల జంటలూ ఆకాశం మీద గీత గీసినంత స్పష్టంగా ఉంటాయి. ఏ పట్టా ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో వేలితో చూపించవచ్చు. యంత్రాల గురించి చదువుకునే పిల్లలెవరైనా ఉంటే ఇంట్లో బొమ్మలు గీయించే బదులు ఇక్కడికి తీసుకురండి.

దీని బరువు సుమారు 200 టన్నులు. 1977 జులై 13న న్యూయార్క్ నగరమంతా కరెంటు పోయిన రాత్రి, మనుషులు పైన ఉండగానే చక్రం ఆగిపోయింది. అప్పుడు నడుపుతున్నవాళ్లు చేత్తో తిప్పి అందర్నీ కిందికి దింపారు. అంత బరువు మనిషి కండబలానికి లొంగిందంటే, ఏ పక్కకీ మొగ్గు లేకుండా ఎంత సమంగా తూచి కట్టారో, ఇరుసుని ఎంత నున్నగా ఉంచారో ఆలోచించండి. ఈ సమతూకం ఒకసారి కట్టేసి వదిలేస్తే నిలిచేది కాదు. ఉప్పుగాలికి ఉక్కు మీద తుప్పు లేస్తూనే ఉంటుంది. తుప్పు లేచిన పట్టా మీద పెట్టె సాఫీగా జారదు. గీకడం, రంగు వేయడం, గ్రీజు పెట్టడం, అరిగిన బేరింగు మార్చడం, బిగి చూడడం: ఏటా అవే పనులు, మళ్లీ మొదటి నుంచి.

1983లో దీన్ని కొన్న డీనో వుర్‌డెరిస్ గ్రీసు నుంచి వలస వచ్చి, హాట్‌డాగ్‌లు అమ్ముకుని పైకొచ్చినవాడు. పెళ్లాడమని అడిగినప్పుడే లూలాకి ఏదో ఒకరోజు వండర్ వీల్ కొనిస్తానని మాటిచ్చాడని ఆ కుటుంబం చెబుతుంది. ఆ ప్రేమకథ అందరికీ తెలిసిందే, పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. నాకు నచ్చింది దాని తర్వాతి భాగం. కొన్నాక ఆ కుటుంబం చక్రాన్ని పైపైన మెరిపించి ఊరుకోలేదు. పాడుబడిన దశ నుంచి బాగుచేసి నిలబెట్టింది. 1989లో నగరం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఇప్పటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. 2020లో వందో ఏడు పండగ చేసుకోవాల్సిన వేసవి కోవిడ్ వల్ల పోయింది, చక్రం జనాన్ని ఎక్కించుకోలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మళ్లీ తిరిగింది. ఏడాదిన్నర పాటు మనిషి ఎక్కని యంత్రం అలా తిరిగిందంటే, ఎవరూ చూడని ఆ రోజుల్లోనూ దాని బాగోగులు ఎవరో చూశారనే కదా.

ఇక సైక్లోన్. సర్ఫ్ అవెన్యూ, వెస్ట్ 10వ వీధి కలిసే మూల మీద ఉన్న ఈ రోలర్ కోస్టర్ 1927 జూన్ 26న మొదలైంది. రూపకర్త వెర్నన్ కీనన్, కట్టించినవాడు హ్యారీ బేకర్. ఆ చోటికి ఇంకో ఘనత ఉంది. లమార్కస్ థాంప్సన్ 1884లో స్విచ్‌బ్యాక్ రైల్వే నడిపింది అక్కడే. గంటకి ఆరు మైళ్ల వేగం, టిక్కెట్టు ఐదు సెంట్లు. అమెరికాలో రోలర్ కోస్టర్ల వ్యాపారానికి అదే ఆది. నలభై మూడేళ్ల తర్వాత అదే గడ్డ మీద సైక్లోన్ గంటకి 60 మైళ్ల వేగం అందుకుంది. ఈ రెంటికీ మధ్య జరిగిన ముఖ్యమైన మార్పు కంటికి కనిపించేది కాదు. జాన్ మిల్లర్ అనే ఇంజనీరు 1919లో పట్టా అడుగున పట్టుకునే అదనపు చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. పైనుంచి నడిచే చక్రం, పక్కకి తొలగకుండా ఆపే చక్రం, పైకి లేవకుండా అడుగున పట్టే చక్రం: ఇలా మూడు వైపులా పట్టు దొరికాకే బండిని నిటారుగా కిందికి వదలడానికి ధైర్యం వచ్చింది. సైక్లోన్ మొదటి దిగుడు 85 అడుగుల ఎత్తు నుంచి, 58 డిగ్రీలకి మించిన వాలులో ఉంటుంది. అడుగున ఆ చిన్న చక్రాలు లేకపోతే అంత వాలు పెట్టే సాహసం ఎవరూ చేసేవారు కాదు.

దీని అస్థిపంజరం ఉక్కు, పట్టా చెక్క. చలికాలంలో బయటి కంచె దగ్గర నిలబడితే ఈ రెండూ కలిసే చోట్లు తీరిగ్గా చూడొచ్చు. చెక్క పట్టా అంటే ఒకే మొద్దు దూలం కాదు. పలకల మీద పలకలు పొరలుగా వేసి, మేకులూ బోల్టులూ దిగ్గొట్టి, పైన బండి చక్రం తగిలే చోట ఉక్కు బద్ద పరుస్తారు. పలకల అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా, గోడకి ఇటుకలు పేర్చినట్టు ఎడం పెట్టి వేస్తారు. అతుకులన్నీ ఒకే చోట పడితే అక్కడ విరుగుతుంది. తిన్నగా ఉన్న చోట ఈ పని తేలికే. మలుపు దగ్గర, పట్టా ఒకవైపు ఒరుగుతూ, దిగుతూ, తిరుగుతూ ఉండే చోట వడ్రంగికి పరీక్ష. పలకని మూడు దిక్కులకీ ఒకేసారి మెలితిప్పాలి. మందం దూలం అలా వంగదు, పలచటి పలకే వంగుతుంది. అందుకే పొరలు. దూలానికి ఉండాల్సిన బలం, పలకకి ఉండే వంపు రెండూ ఒకే వస్తువులో కుదిరాయి. వడ్రంగి పనిలో ఇంతకన్నా అందమైన పరిష్కారం నేనైతే చూడలేదు.

బండి వెళ్లే ప్రతిసారీ చెక్క కొంచెం నలుగుతుంది. దిగుడు అడుగున, బరువంతా ఒక్కసారిగా పడే చోట ఎక్కువ నలుగుతుంది. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, బోల్టులు వదులవుతాయి. అందుకే చెక్క కోస్టరుకి చలికాలం ఆపరేషన్ థియేటరులో గడుస్తుంది. అరిగిన పొరలు ఎక్కడున్నాయో వెతికి, అంతమేర కోసి తీసి, కొత్త పలకలు పొరపొరగా కూర్చి, ఉక్కు బద్ద మళ్లీ బిగిస్తారు. బండ్ల చక్రాలు, ఇరుసులు విప్పి చూస్తారు. పైకి లాగే గొలుసు, దాని పళ్లచక్రం చూస్తారు. అలా ఏడాదికింత మారుతూ పోతే, 1927లో పరిచిన పలకల్లో ఈనాడు ఎన్ని మిగిలాయి అని అడగబుద్ధవుతుంది. నా లెక్కలో అది చిన్న ప్రశ్న. కీనన్ ఇచ్చిన గీత అలాగే ఉంది. మొదటి దిగుడులో ప్రాణం గొంతులోకొచ్చే ఆ క్షణం అలాగే ఉంది. దాన్ని చెక్కుచెదరకుండా ఒక తరం వడ్రంగి చేతి నుంచి ఇంకో తరం చేతికి అందించడమే ఇక్కడ నిలిచిన వస్తువు.

ఇంకో విషయం జనం లేనప్పుడే తెలుస్తుంది: సైక్లోన్ ఎంత ఇరుకైన చోట ఉందో. పట్టా పొడవు 2,640 అడుగులు, అంటే అరమైలు. దాన్ని సుమారు 500 అడుగుల పొడవు, 75 అడుగుల వెడల్పున్న జాగాలో మడిచి పెట్టాడు కీనన్. పట్టా కొసకి వెళ్లి తిరుగుతుంది, కింది అంతస్తులో తన కిందనుంచి తనే దూరి వస్తుంది, మళ్లీ తిరుగుతుంది. పన్నెండు దిగుళ్లు, రెండు నిమిషాలైనా పట్టని ప్రయాణం. స్థలం చాలకపోవడం వల్లే మలుపులు అంత బిగువుగా వచ్చాయి, ఆ బిగువు వల్లే దానికి ఇంత పేరు వచ్చింది. చివర బండిని ఆపేది ఇప్పటికీ మనిషే. పొడవాటి లివర్లు పట్టుకుని చేత్తో బ్రేకు వేస్తాడు. చలి రోజున గ్రీజు గట్టిపడి బండి నెమ్మదిగా వస్తుంది, ఎండ ముదిరితే ఉరుకుతుంది. ఎంత ముందుగా, ఎంత బలంగా లాగాలో ఆ చేతికి తెలియాలి.

ఈ కోస్టర్ కూడా ఒకప్పుడు కూలిపోయేదే. పక్కనున్న అక్వేరియాన్ని పెంచడానికి 1970ల్లో సైక్లోన్ని కూల్చాలనుకున్నారు. జనం గట్టిగా అడ్డుపడ్డారు, 1975లో ఆస్ట్రోలాండ్ పార్కు దాన్ని లీజుకి తీసుకుని బాగుచేసింది, 1988లో రక్షిత కట్టడమైంది. దాని ఈడుదే ఇంకో చెక్క కోస్టర్, 1925 నాటి థండర్‌బోల్ట్, అంత అదృష్టం నోచుకోలేదు. 2000లో దాన్ని కూల్చేశారు. అంతకుముందు స్టీపుల్‌చేజ్ పార్కు స్థలం కొన్న ఫ్రెడ్ ట్రంప్, 1966లో అక్కడి అద్దాల మంటపాన్ని కూల్చేరోజు అతిథుల్ని పిలిచి, అద్దాల మీదికి ఇటుకలు విసిరించి వేడుక చేసుకున్నాడు. జార్జ్ టిల్యూ 1897లో మొదలుపెట్టిన పార్కు కథ అలా ముగిసింది. ఆ సంగతి చదివిన ప్రతిసారీ నాకు కడుపు రగులుతుంది. ఎవరి పనితనం మీద ఇటుక వేస్తున్నారో వాళ్లలో ఒక్కరికీ పట్టలేదు.

సీజన్ ముందరి మరమ్మతు పని ఎంత ప్రమాదమో కూడా ఈ పేటకి తెలుసు. డ్రీమ్‌ల్యాండ్ పార్కు 1911 మే 27 తెల్లవారుజామున, ఆ ఏటి సీజన్ మొదలవ్వాల్సిన రోజే తగలబడింది. హెల్ గేట్ అనే ఆటలో నీళ్ల కాలువ కారకుండా పనివాళ్లు కాగిన తారు పూస్తుండగా నిప్పంటుకుంది. పదిలక్షల బల్బులతో వెలిగిన పార్కు తెల్లారేసరికి బూడిద.

స్టీపుల్‌చేజ్ జాగాలో ఇప్పుడు రెండు చూడదగ్గవి ఉన్నాయి. ఒకటి పారాచూట్ జంప్, 262 అడుగుల ఉక్కు స్తంభం. జేమ్స్ స్ట్రాంగ్ సైన్యానికి శిక్షణ కోసం ఊహించిన పద్ధతిని 1939 వరల్డ్ ఫెయిర్‌లో వినోదంగా మార్చి కట్టారు. 1941లో విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. దశాబ్దాల నుంచి ఎవరూ దూకరు. పైన పువ్వులా విచ్చుకున్న చేతులు మాత్రం చలికాలపు ఆకాశంలో ఒంటరిగా బాగుంటాయి. అంతకన్నా దాని గురించి నాకు చెప్పాలనిపించదు.

రెండోది బి అండ్ బి రంగులరాట్నం. నేను అక్కడే ఆగిపోతాను. 20వ శతాబ్దపు తొలి ఏళ్ల పని. యంత్రం విలియం మాంగెల్స్ కార్ఖానాది, గుర్రాలు ఛార్లెస్ కార్మెల్ చెక్కినవి. మొత్తం యాభై, ముప్పై ఆరు ఎగిరేవి, పద్నాలుగు నిలబడేవి. 2005లో నగరం కొని, విప్పి, బాగుచేయించి, 2013లో బోర్డ్‌వాక్ పక్కన కొత్త మంటపంలో పెట్టింది.

గుర్రాన్ని దగ్గర్నుంచి చూడండి. ఒళ్లు ఒకే దుంగ నుంచి తొలిచింది కాదు. పలకలు జిగురుతో అతికి, లోపల బోలుగా ఉండే పెట్టె చేసి, బయటినుంచి ఆకారం తీస్తారు. అలా అయితే బరువు తగ్గుతుంది, చెక్క ఎండినప్పుడు బీట తీయదు. కాళ్లు విడిగా చెక్కి అతుకుతారు; చెక్క చార కాలి పొడవునా నిలువుగా ఉండాలి, లేకపోతే ఎక్కేవాడి బరువుకి పుటుక్కున విరుగుతుంది. తల, మెడ పెద్ద శిల్పి చేతివి. కోనీ ఐలండ్ బాణీ అక్కడే తెలిసిపోతుంది: మెడ విదిల్చి, నోరు తెరిచి, పళ్లు బయటపెట్టి, జూలు గాలికి చెదిరి ఉంటుంది. జూలు పాయ పాయనీ లోతుగా తొలిచి, కింద నీడ పడేలా చేస్తారు. అందుకే తిరిగే వెలుతురులో అది కదిలినట్టు ఉంటుంది.

ఇంకా చూడండి. కుడివైపున్న జీను, కుచ్చులు, రాళ్లు పొదిగిన పట్టీలు ఎడమవైపు లేవు. అమెరికా రంగులరాట్నాలు గడియారానికి ఎదురు దిక్కుగా తిరుగుతాయి. బయట నిలబడ్డవాళ్లకి కనిపించేది గుర్రం కుడి పక్క. శిల్పి తన ఊహనంతా ఆ పక్కన పోశాడు, రెండో పక్కని శుభ్రంగా, సాదాగా ముగించాడు. ఎక్కడ ఎంత శ్రమ పెట్టాలో తెలియడం కూడా పనితనంలో భాగమే.

వీటిలో ఒక్క గుర్రం కార్మెల్‌ది కాదు. అది లింకన్ శతజయంతి ఏడు 1909 కోసం మార్కస్ ఇలియన్స్ చెక్కినది; దాని పక్క మీద లింకన్ ముఖం ఉంటుంది. ఇలియన్స్ లిథువేనియా నుంచి వచ్చిన యూదుడు. ఆ రోజుల్లో కోనీ ఐలండ్ గుర్రాలు చెక్కినవాళ్లలో చాలామంది తూర్పు యూరప్ యూదులే. అక్కడ ప్రార్థనామందిరాల్లో గ్రంథపేటికల మీద సింహాలు చెక్కిన సంప్రదాయమే ఇక్కడ సముద్రం ఒడ్డున గుర్రాలైంది. ఆ బంధాన్ని 2007లో న్యూయార్క్‌లోని అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియం ఒక ప్రదర్శనలో పక్కపక్కనే పెట్టి చూపించింది. దేవుడి ముందు సింహం జూలు చెక్కిన ఉలి, ఐదు సెంట్లిచ్చి ఎక్కే పిల్లాడి గుర్రానికీ అంతే నిష్ఠగా పనిచేసింది.

నడవడానికి బోర్డ్‌వాక్ ఉండనే ఉంది. 1923లో తెరిచిన చెక్క దారి, 80 అడుగుల వెడల్పు. పలకలు ఏటవాలుగా, చేపముల్లు తీరున పరిచిన చోట్ల మధ్యమధ్య నిలువు పలకల బాటలు కనిపిస్తాయి. అవి మనుషుల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే కుర్చీబండ్ల చక్రాలు కుదుపు లేకుండా సాగడానికి పెట్టినవి. ఆ బండ్లు ఎప్పుడో పోయాయి. జనం కాళ్ల కింద వేసవిలో ఈ అల్లిక కనపడనే కనపడదు. ఆదివారం మధ్యాహ్నం వెళితే పోలార్ బేర్ క్లబ్ వాళ్లు గడ్డకట్టే నీళ్లలోకి పరుగెత్తడం చూడొచ్చు. 1903 నుంచి ఉన్న సంఘం, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వాళ్ల సీజన్. షట్టర్లు దిగిన కొట్ల ముందు చేత్తో రాసిన బోర్డులు తీరిగ్గా చదవండి. చేతిరాత బోర్డులు ఈ పేటకి ఎంత ముఖ్యమంటే, 2004లో స్టీవ్ పవర్స్ అనే చిత్రకారుడు తోటి కళాకారుల్ని కూడగట్టి ఇక్కడి కొట్లకి కొత్త బోర్డులు రాయించాడు. ఆకలేస్తే 1916 నాటి నేథన్స్ చలికాలంలోనూ తెరిచే ఉంటుంది.

వెళ్లడానికి సబ్‌వేలో డి, ఎఫ్, ఎన్, క్యూ రైళ్లు నాలుగూ స్టిల్‌వెల్ అవెన్యూ స్టేషన్‌కి వస్తాయి. నా సలహా వేరు. ఎఫ్ గానీ క్యూ గానీ ఎక్కి, చివరి స్టేషన్‌కి ఒకటి ముందు, వెస్ట్ 8వ వీధి దగ్గర దిగండి. స్టేషన్ నేలకి పైన ఎత్తులో ఉంటుంది కాబట్టి ప్లాట్‌ఫారం మీద నుంచి సైక్లోన్ తెల్లటి అల్లిక దాదాపు కంటి ఎత్తున కనిపిస్తుంది. గాలి కోస్తుంది, చేతులకి తొడుగులు తప్పనిసరి. బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్లండి. మలుపుల దగ్గర పలకల రంగు చూడండి. మిగతా వాటికన్నా లేతగా, పచ్చిగా ఉన్న పలక కనబడితే అది ఈ మధ్య వేసిన కొత్త పొర.